రెండు వూఫర్లు, నాలుగు కాయిల్స్, కుదరని లెక్క: ఒక స్విఫ్ట్ కారు కేస్ స్టడీ

ఏప్రిల్ మూడో వారంలో ఒక స్విఫ్ట్ కారు మా షెడ్డుకు వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు సౌండ్ సిస్టమ్ బిగించే పని నాది. కారు యజమాని గుడివాడ దగ్గర చేపల చెరువులు చూసుకునే యువకుడు. డిక్కీలో పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్లు (బేస్ మోగించే పెద్ద స్పీకర్లు) రెండు ఉన్నాయి, రెంటికీ కలిపి ఒకే ఆంప్లిఫయర్.

"అన్నా, సౌండు పెంచిన పది నిమిషాలకు బేస్ ఆగిపోతోంది. ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. కాసేపు ఆపి మళ్లీ పెడితే మామూలుగానే మోగుతుంది. ఇప్పటికే ఒక ఆంప్లిఫయర్ మార్చాను, ఒక వూఫర్ మార్చాను. ఇంకా ఏమి మార్చాలి?" అన్నాడు.

వేరే ఊళ్లోని ఒక దుకాణం చుట్టూ అప్పటికే మూడు నెలలు తిరిగాడట. తరువాత తేలింది ఏమిటంటే, అక్కడ అతనికి అమ్మిన సరుకులో చెడ్డది ఒక్కటీ లేదు. ఆంప్లిఫయర్ మంచిదే, వూఫర్లూ మంచివే. ఒకదానితో ఒకటి కలిపిన తీరులోనే పొరపాటు ఉంది. ఇలాంటి బండ్లు ఏడాదికి నాలుగైదు వస్తాయి, ప్రతిసారీ యజమాని అనవసరంగా డబ్బు పోగొట్టుకొనే వస్తాడు. అందుకే ఈ ఒక్క కేసును అంకెలతో సహా పూర్తిగా రాస్తున్నాను.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు ప్రశ్నలు అడిగాను. ఏ పాటలకు ఆగుతోంది? డప్పు మోతకు ఎంతసేపైనా ఆగదట. మందమైన బేస్ స్వరం ఒకటే సాగుతూ ఉండే రీమిక్స్ పెడితే మాత్రం రెండు మూడు నిమిషాల్లోనే ఎర్ర లైటు. రెండు వూఫర్లూ ఒకేలా మోగుతున్నాయా? లేదన్నాడు. ఎడమది గట్టిగా కొడుతుంది, కుడిది మెత్తగా ఉంటుంది. కుడిది కొత్తగా వేసింది కాబట్టి కొన్నాళ్లు మోగితే సర్దుకుంటుందని దుకాణంలో చెప్పారట. కొత్త వూఫర్ సస్పెన్షన్, అంటే ఊగే కోనును పట్టి ఉంచే భాగం, మొదట్లో కొంత బిగువుగా ఉండే మాట నిజమే. కానీ కారు బయట నిలబడినా తెలిసేంత తేడా దానివల్ల రాదు.

ఈ రెండు జవాబులతో సగం దారి దొరికింది.

ఆంప్లిఫయర్ ఒకే చానెల్ ఉన్న క్లాస్ డి రకం (కరెంటు తక్కువ వృథా చేసేది). అట్టపెట్టె మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ అంకెను నేను పట్టించుకోను. అమెరికా వినియోగ ఎలక్ట్రానిక్స్ సంఘం 2003లో తెచ్చిన సిఇఎ-2006 ప్రమాణం ప్రకారం 14.4 వోల్టుల సరఫరాతో, 4 ఓమ్‌ల లోడు (ఆంప్లిఫయర్‌కు తగిలించిన స్పీకర్ల నిరోధం, ఓమ్‌లలో కొలుస్తాం) మీద, వక్రీకరణ 1 శాతం మించకుండా కొలిచిన వాట్లనే చెప్పాలి. పెట్టె మీద ఎలా ఉన్నా, లోపలి పుస్తకంలో అసలు లెక్క ఉంది: 4 ఓమ్‌లకు 300 వాట్లు, 2 ఓమ్‌లకు 500, 1 ఓమ్‌కు 800. అంతకు తక్కువ లోడు పెట్టవద్దని కింద చిన్న అక్షరాలతో హెచ్చరిక. వూఫర్ ఒక్కొక్కటి నిరంతరంగా 300 వాట్లు తట్టుకుంటుంది.

ఆంప్లిఫయర్ నుంచి వూఫర్ల తీగలు విప్పి, ఆ చివరల మధ్య మల్టీమీటర్ పెట్టాను. 0.9 చూపించింది. ఒక్కో వూఫర్‌లో కోనును కదిలించే తీగ చుట్లు, అంటే కాయిల్స్, రెండేసి ఉన్నాయి. ఆ నాలుగు కాయిల్స్ పారలల్‌గా (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలిపి 1 ఓమ్ చేశారని, లోడు సరిగ్గానే ఉందని ఒక్క క్షణం నేనూ అనుకున్నాను. వూఫర్ మీద రాసే ఇంపీడెన్స్ (పాట మోగేటప్పుడు కరెంటుకు కలిగే మొత్తం అడ్డు) కంటే మీటర్‌తో కొలిచే నిరోధం ఎప్పుడూ కొంచెం తక్కువే ఉంటుంది. 4 ఓమ్‌ల కాయిల్ 3.5 దగ్గర చూపిస్తుంది. ఆ లెక్కన 1 ఓమ్ లోడుకు 0.9 రావడం సహజమే.

తరువాత మీటర్ మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించి చూశాను. 0.3 చూపించింది. అది మీటర్ తీగల సొంత నిరోధం. పెద్ద అంకెల దగ్గర దాన్ని పట్టించుకోనక్కరలేదు, 1 ఓమ్ దగ్గర మాత్రం అది మూడో వంతు. 0.9లో 0.3 తీసేస్తే మిగిలింది 0.6. ఆంప్లిఫయర్‌కు అసలు కనిపిస్తున్నది 1 ఓమ్ కంటే బాగా తక్కువ. ముందు పని చేసినవారు మీటర్ పెట్టి ఉంటే, వారికీ ఇదే 0.9 కనిపించి ఉంటుంది.

అయితే 0.6 అనే అంకె నాకు వింతగా అనిపించింది. 2 ఓమ్‌ల కాయిల్స్ నాలుగూ పారలల్ చేస్తే మీటర్‌లో 0.45 రావాలి. 4 ఓమ్‌లవైతే 0.9 దాకా రావాలి. ఈ 0.6 రెంటికీ పొసగదు.

వూఫర్లు రెండూ పెట్టెలోంచి బయటకు తీశాను. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే కోను. అయస్కాంతం మీద అతికించిన మోడల్ సంఖ్యలో చివరి అంకె ఒక్కటే వేరు: ఎడమదానికి 2, కుడిదానికి 4. కాయిల్స్ విడివిడిగా కొలిస్తే ఎడమవి 1.8, 1.8. కుడివి 3.5, 3.5. అంటే ఎడమది రెండు 2 ఓమ్‌ల కాయిల్స్ ఉన్న వూఫర్, కుడిది రెండు 4 ఓమ్‌ల కాయిల్స్ ఉన్నది.

ఇక జరిగిన కథ దానంతట అదే బయటపడింది. మొదట కొన్నవి రెండూ 2+2 వూఫర్లు. నాలుగు కాయిల్స్ పారలల్‌గా కలిపితే లోడు అర ఓమ్ అయింది. ఓమ్‌లు తగ్గితే వాట్లు పెరుగుతాయన్నది అందరూ చెప్పుకునే మాట. అందులో తప్పు లేదు. ఆంప్లిఫయర్ ఎంతవరకు మోయగలదో అక్కడితో ఆగాలన్న మిగతా సగాన్నే వదిలేస్తారు. మొదటి ఆంప్లిఫయర్ ఆ అర ఓమ్ కిందే పోయింది. రెండోది తెచ్చారు, అదీ తరచుగా ఆగుతుండేది. బేస్ చాలక యజమాని బేస్ బూస్ట్ పూర్తిగా తిప్పాడు. 12 డెసిబెల్స్ బూస్ట్ అంటే ఆ స్వరం దగ్గర పదహారు రెట్ల పవర్ అడగడం. ఆంప్లిఫయర్ అంత ఇవ్వలేక తరంగాల కొనలు కోసేసింది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. అందులో కుడి వూఫర్ కాయిల్ కాలింది. దాని స్థానంలో దుకాణంలో అప్పటికి ఉన్న 4+4 వూఫర్ వేశారు. దాంతో లోడు అర ఓమ్ నుంచి 0.67కు పెరిగింది, ఆంప్లిఫయర్ మునుపటి కంటే కొంచెం ఎక్కువసేపు నిలబడింది. వూఫర్ మార్చగానే బాగైందని అందరూ అనుకున్నారు.

డప్పు పాటలకు ఆగకపోవడం వెనక కూడా కారణం ఉంది. ఇంపీడెన్స్ అన్ని స్వరాలకూ ఒకే అంకెగా ఉండదు, స్వరాన్ని బట్టి మారుతుంది. ఇతని పెట్టె గాలి గొట్టం ఉన్న పోర్టెడ్ రకం. ఇలాంటి పెట్టెలో ఇంపీడెన్స్ రెండు చోట్ల కొండలా లేచి, ఆ కొండల మధ్య, పెట్టెను ట్యూన్ చేసిన స్వరం దగ్గర లోయలా కిందికి దిగుతుంది. లోయ అడుగున అది దాదాపు కాయిల్ నిరోధం దగ్గరికి వచ్చేస్తుంది. కొండల మీద అదే వూఫర్ ఎన్నో రెట్లు ఎక్కువ చూపిస్తుంది. డప్పు దెబ్బ క్షణంలో వచ్చి పోతుంది, మధ్యలో ఆంప్లిఫయర్ ఊపిరి తీసుకుంటుంది. సాగే స్వరం సరిగ్గా ఆ లోయలో పడిందంటే ఆంప్లిఫయర్ మీద 0.6 ఓమ్‌ల బరువు తెరిపి లేకుండా ఉంటుంది. ఒక పాటకు బాగుండి మరో పాటకు ఆగిపోతుంటే, పాట రికార్డింగును తిట్టే ముందు లోడు కొలవడం మంచిది.

ఎడమ వూఫర్ గట్టిగా కొట్టడానికీ లెక్క దొరికింది. పారలల్‌గా ఉన్న ఎడమది 1 ఓమ్, కుడిది 2 ఓమ్‌లు. రెంటికీ అందే వోల్టేజీ ఒకటే. పవర్ అంటే వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించడం. అందువల్ల ఎడమదానికి కుడిదాని కంటే రెట్టింపు పవర్ పోతోంది. ఆంప్లిఫయర్ మొత్తం 600 వాట్లు ఇచ్చిందనుకుంటే ఎడమదానికి 400, కుడిదానికి 200. 300 వాట్ల ఎడమ వూఫర్ కాలిపోవడానికి దగ్గరలోనే ఉంది.

యజమానికి దీన్ని చెరువు భాషలో చెప్పాను. ఒకే ట్యాంకుకు లావు గొట్టం ఒకటి, సన్నగొట్టం ఒకటి పెడితే ఏ చెరువు ముందు నిండుతుంది? వెంటనే అర్థం చేసుకున్నాడు.

లెక్క

ఇక్కడి నుంచి పని సులువనుకున్నాను. తీగలు మార్చి కలిపితే సరిపోతుందని ఆశ. పాఠ్యపుస్తకాల్లో శ్రేణి సంధానం, సమాంతర సంధానం అని చదువుకున్నదే మా షెడ్డులో సిరీస్, పారలల్. సిరీస్‌లో ఓమ్‌లు కూడతాయి. సమానమైన రెండు పారలల్ అయితే సగమవుతాయి. అసమానమైనవైతే లబ్ధాన్ని మొత్తంతో భాగించాలి.

ఎడమ వూఫర్‌ను 1 ఓమ్‌గా గానీ 4 ఓమ్‌లుగా గానీ మార్చవచ్చు. కుడిదాన్ని 2గా లేదా 8గా. అంతకు మించి దారి లేదు. ఎడమది 4, కుడిది 2 చేసి పారలల్ కలిపితే 1.33 వస్తుంది. ఆంప్లిఫయర్ హాయిగా మోస్తుంది, కానీ ఈసారి కుడిదానికి రెట్టింపు పవర్. 1, 2లను సిరీస్ కలిపితే 3 వస్తుంది. కరెంటు ఒకటే కాబట్టి మళ్లీ కుడిదానికే రెట్టింపు. 4, 8 పారలల్ అయితే 2.67, అప్పుడు ఎడమది రెట్టింపు తీసుకుంటుంది. కాగితం నిండా గీశాను. ఒకరి దగ్గర 1, 4 మాత్రమే, మరొకరి దగ్గర 2, 8 మాత్రమే ఉన్నప్పుడు రెండూ ఒక అంకె దగ్గర కలవనే కలవవు. ఆంప్లిఫయర్‌ను కాపాడే దారులు ఉన్నాయి, వూఫర్లకు సమంగా పంచే దారి మాత్రం లేదు.

కాగితం చూస్తున్న యజమాని ఒక మాట అన్నాడు: "అన్నా, కుడిదాంట్లో ఒక కాయిల్ వదిలేస్తే? అది ఒక్కటీ 4, ఎడమది సిరీస్‌లో 4. రెండూ కలిస్తే 2 ఓమ్‌లు కదా!"

నిజంగా తెలివైన ఆలోచన. అంకెల వరకు తప్పు లేదు, పవర్ కూడా సగం సగం పంచుకుంటాయి. అయినా నేను ఒప్పుకోలేదు. 300 వాట్లు తట్టుకుంటుందన్న మాట రెండు కాయిల్స్ కలిసి వేడిని పంచుకున్నప్పటిది. ఒక్క కాయిల్‌కు దాదాపు సగమే చెల్లుతుంది. పైగా అయస్కాంతం సందులో పనిచేసే రాగి సగమైపోతే కోనును పట్టి ఆపే శక్తి కూడా సగమవుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు వూఫర్లలో ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఊగితే బేస్ అలుక్కుపోతుంది. డబ్బు పెట్టినవాడికి ఆ శబ్దం ఇచ్చి పంపడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి ఒక వూఫర్ మార్చాలి. ఏది? రెండూ 4+4 అయితే మొత్తం 1 ఓమ్ లేదా 4 ఓమ్‌లు వస్తాయి. 4 ఓమ్‌ల దగ్గర వచ్చే 300 వాట్లను ఇద్దరు పంచుకుంటే 150 చొప్పున, చాలా తక్కువ. 1 ఓమ్ దగ్గర 800, అంటే 400 చొప్పున, వూఫర్ల శక్తికి మించినది. గెయిన్ (లోపలికి వచ్చే సంకేతాన్ని ఆంప్లిఫయర్ ఎంత పెంచాలో నిర్ణయించే గుండీ) తగ్గించి నడపవచ్చు గానీ, అప్పుడు ఆంప్లిఫయర్ ఎప్పుడూ తన చివరి హద్దు మీదే నిలబడాల్సి వస్తుంది. రెండూ 2+2 అయితే ఒక్కో వూఫర్ కాయిల్స్‌ను సిరీస్ చేసి 4, ఆ రెండు 4లను పారలల్ చేసి 2 ఓమ్‌లు. 500 వాట్లు, ఒక్కోదానికి 250. 300 వాట్ల వూఫర్‌కు అది చక్కని అంకె.

"1 ఓమ్‌కు 800 వస్తుంటే 500తో ఎందుకు సరిపెట్టుకోవాలి?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. 800కు, 500కు మధ్య తేడా 2 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. ఆ 2 డెసిబెల్స్ కోసం బ్యాటరీ మీద పడే బరువు చూడండి: 80 శాతం సామర్థ్యంతో 500 వాట్లు ఇవ్వడానికి 13.5 వోల్టుల దగ్గర 46 ఆంపియర్లు చాలు. 1 ఓమ్ దగ్గర సామర్థ్యం 70 శాతానికి పడిందనుకుంటే 800 వాట్లకు 85 ఆంపియర్లు కావాలి. పాటలో ప్రతి క్షణం అంత లాగదు, నిజమే, కానీ సాగే బేస్ స్వరం మీద లాగుతుంది. దానికి తోడు కాయిల్ వేడెక్కితే రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. వంద డిగ్రీలు పెరిగితే నిరోధం దాదాపు 40 శాతం ఎక్కువ. కాగితం మీద గెలిచిన ఆ 2 డెసిబెల్స్‌లో చాలా భాగం వేడికే పోతుంది.

చేసిన పని

2+2 వూఫర్ దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటిదాకా ఎడమ వూఫర్ ఒక్కదాన్నే సిరీస్‌లో 4 ఓమ్‌లుగా కలిపి పంపాను. దాని కాయిల్స్ రెండూ సమానంగా ఉన్నాయి, కోనును వేళ్లతో మెల్లగా నొక్కితే ఎక్కడా రాపిడి లేదు, కాలిన వాసన లేదు. కుడిదాన్ని దాని అరలోనే ఉంచి, ఒక్కో కాయిల్ చివరలను ఒకదానికొకటి కలిపి వదిలేశాను. అలా చేస్తే పక్క వూఫర్ మోతకు అది ఊరికే ఊగదు. మూడో రోజు యజమాని ఫోను చేశాడు. ఒక్కటే మోగుతున్నా రెండున్నప్పటి కంటే స్వచ్ఛంగా వినిపిస్తోందన్నాడు.

కొత్తది వచ్చాక ముందు దాని కాయిల్స్ కొలిచాను: 1.8, 1.8. ఆ తరువాతే పెట్టెలో బిగించాను. ఒక్కో వూఫర్‌లో మొదటి కాయిల్ ప్లస్‌ను ఆంప్లిఫయర్ ప్లస్‌కు, దాని మైనస్‌ను రెండో కాయిల్ ప్లస్‌కు, రెండో కాయిల్ మైనస్‌ను ఆంప్లిఫయర్ మైనస్‌కు. సిరీస్‌లో ఒక కాయిల్ తిరగబడితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కోను కదలనే కదలదు, పవర్ అంతా వేడిగా మారుతుంది. కాబట్టి 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించి, రెండు కోనులూ బయటికే వస్తున్నాయని చూశాను. చివరగా మొత్తం లోడు: మీటర్ 2.1, మీటర్ తీగల 0.3 తీసేస్తే 1.8. రావలసింది అదే.

పవర్ కేబుల్ కూడా మార్చాను. 4 గేజ్ (తీగ మందం కొలత) అని రాసి ఉన్న ఆ కేబుల్ తొడుగు లావుగా ఉందే గానీ, లోపల సన్నటి అల్యూమినియం మీద రాగి పూత. ఎర్త్‌ను పెయింటు మీదే బిగించారు. పాత కేబుల్‌తో నిండు లోడు మీద బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంటే ఆంప్లిఫయర్ దగ్గర 11.6 మాత్రమే ఉంది. అసలైన రాగి కేబుల్ వేసి, పెయింటు గీకి ఎర్త్ బిగించాక అది 13.3కు వచ్చింది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోకి జరిపాను.

గెయిన్‌ను చెవితో పెట్టను. 500 వాట్లు, 2 ఓమ్‌లు అంటే రెంటినీ గుణించి వర్గమూలం తీయాలి: 31.6 వోల్టులు. వూఫర్లు విప్పి, బేస్ బూస్ట్ సున్నా చేసి, స్టీరియో వాల్యూమ్ 40లో 30 దగ్గర ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టాను. మీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి, గెయిన్‌ను మెల్లగా పెంచి 31 దగ్గర ఆపాను. ఆ గుండీ మీద చిన్న గీత గీసి, దాన్ని దాటవద్దని యజమానికి చూపించాను. కారు మొదట వచ్చినప్పుడు ఆ గుండీ పూర్తిగా చివరికి తిప్పి ఉంది.

రోహిణి కార్తె ఎండల్లో అతన్ని మళ్లీ రమ్మన్నాను. వేసవిలో మూసిన డిక్కీలో నిలవని పనిని నేను పూర్తయినట్టు లెక్కపెట్టను. మధ్యాహ్నం రెండింటికి, ఆగిపోతుందని అతను చెప్పిన రీమిక్స్ పాటలనే వరుసగా నలభై నిమిషాలు పెట్టాం. ఎర్ర లైటు వెలగలేదు. ఆంప్లిఫయర్ ఒంటి మీద వేడి 58 డిగ్రీలు. రెండు కోనుల మీద చెరో చెయ్యి ఉంచి చూస్తే ఊపు ఒకటే.

మిగిలిపోయిన 4+4 వూఫర్‌ను తన బావమరిది బొలేరోలో వేయిస్తానని, అప్పటిదాకా ఉంచమని మా షెడ్డులోనే వదిలి వెళ్లాడు. ఒంటరిగా అయితే అది నిక్షేపంగా పనికొస్తుంది, 2 ఓమ్‌లు మోసే చిన్న ఆంప్లిఫయర్ ఒకటి ఉంటే చాలు. పైఅరలో పెట్టే ముందు దాని అయస్కాంతం మీద మార్కర్‌తో పెద్దగా రాశాను: "4+4. ఒక్కటే అయితే 2 లేదా 8. జతకు మరో 4+4 మాత్రమే."